కత్తి పెట్టని పండు

తుందుప్‌కు ధ్యానంలో కూర్చోవడం వచ్చు. కూర్చున్నాక ఊరుకోవడమే రాదు.

కళ్ళు మూసుకుని ఊపిరిని గమనిస్తూ ఉంటాడు. కాసేపటికి మనసు సద్దుమణిగినట్టే ఉంటుంది. అంతలో అనుమానం. నిజంగా సద్దుమణిగిందా, నాకలా అనిపిస్తోందా? చూద్దామని లోపలికి తొంగిచూస్తాడు. ఆ అలికిడికి మనసు కాస్తా లేచి కూర్చుంటుంది. కథ మళ్ళీ మొదటికొస్తుంది.

లదాఖ్ కొండల్లో, నది ఒడ్డున ఉన్న ఒక చిన్న బౌద్ధ మఠంలో అతను భిక్షువు. వయసు పాతికేళ్ళు. మఠానికి ఎగువన కొండచరియలో ఒక రాతి గది ఉంది. ఏకాంత ధ్యానానికని అందులోకి వెళ్ళినవాళ్ళు మూడేళ్ళదాకా బయటికి రారు. తలుపు బయటి నుంచి మూసి, సందుల్లో మట్టి మెత్తేస్తారు. తిండీ నీళ్ళూ చిన్న కిటికీలోంచి అందుతాయి. ఆ గది కొంతకాలంగా ఖాళీగా ఉంది. తుందుప్ ధ్యాసంతా దాని మీదే. ఆ తలుపు వెనక కూర్చోగలిగితే ఈ జన్మకు ఇంకేమీ అక్కర్లేదనుకునేవాడు.

అందుకు గురువు ఒప్పుకోవాలి. గురువు పేరు గ్యల్సన్. ముసలాయన. మఠంలోనూ ఊళ్ళోనూ ఆయన్ని అందరూ ‘మేమే’ అనే పిలుస్తారు. అక్కడి మాటలో తాతయ్య అని. తుందుప్ నాలుగు రోజులకోసారి ఆయన దగ్గరికి వెళ్ళి, “మేమే, నేను సిద్ధమయ్యానా?” అని అడిగేవాడు. ఆయన ఒకసారి టీ తాగావా అనేవాడు. ఇంకోసారి ఆ గిన్నె కాస్త కడిగిపెట్టమనేవాడు. చాలాసార్లు ఏమీ అనేవాడు కాదు.

ఒక వసంతంలో, మఠం కింద ఉన్న యాపిల్ తోట పూతకొచ్చినప్పుడు, తుందుప్ మళ్ళీ అడిగాడు. గురువు చాలాసేపు తోటవైపు చూశాడు.

“ఈ ఏడు తోట నువ్వు చూసుకో,” అన్నాడు.

కిందటేడు ఆ తోటలో సగం కాపు కాయతొలుచు పురుగు పాలయింది. బూడిదరంగు రెక్కల పురుగు ఒకటి పొద్దువాలాక వచ్చి ఆకుల మీద, పిందెల మీద గుడ్లు పెట్టిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు కాయలోకి తొలుచుకుపోయి గింజలదాకా తినేస్తుంది. పైకి చూస్తే చిన్న కన్నం, దాని దగ్గర రంపపు పొట్టులాంటి పెంట. కొన్నిసార్లు అదీ కనిపించదు. కాయ అడుగున, పువ్వు వాడిపోయిన గుంట ఉంటుంది చూశారూ, అక్కడినుంచి దూరితే పైన మచ్చ కూడా ఉండదు. పండు నవనవలాడుతూనే ఉంటుంది.

వ్యవసాయ శాఖ నుంచి ఒకావిడ వచ్చి లింగాకర్షక బుట్ట ఒకటి కొమ్మకు వేలాడదీసింది. గుడారంలా మడిచిన అట్ట, అడుగున జిగురు, మధ్యలో రబ్బరు ముక్క. ఆ ముక్కకు ఆడపురుగు వాసన పట్టించి ఉంటుందనీ, ఆ వాసనకు మగవి వచ్చి అతుక్కుంటాయనీ ఆవిడ వివరంగా చెప్పింది. చుట్టూ నిలబడ్డ భిక్షువులందరూ ఎవరి పాదాలు వాళ్ళు చూసుకున్నారు. మేమే ఒక్కడే తల ఊపి, ఈ మగవాళ్ళ సంగతి ఎక్కడైనా ఇంతేనమ్మా అన్నాడు.

బుట్ట పెట్టింది పురుగుల్ని తుదముట్టించడానికి కాదనీ, అవి వచ్చాయని తెలుసుకోవడానికేననీ ఆవిడ మరీమరీ చెప్పింది. వారానికోసారి చూస్తే చాలు. ఎక్కువ పడుతున్నాయనిపిస్తే చెట్ల మొదళ్ళకు గోనెపట్టాలు చుట్టాలి. కాయలోంచి దిగివచ్చే పురుగులు బెరడు సందులనుకుని వాటిలో దాక్కుంటాయి. అప్పుడు పట్టాలు విప్పి తగలబెట్టాలి. తగలబెట్టడం మాట వచ్చేసరికి భిక్షువులు మేమే వంక చూశారు. పట్టాల్ని వాగు దాటించి, అవతలి రాళ్ళగుట్టల్లో దులిపి వస్తామని ఆయన అన్నాడు. అక్కడ వాటికి తినడానికేమీ దొరకదని ఆవిడ నవ్వింది. మనకు మాత్రం ఇక్కడ ఏం దొరుకుతోంది, బతకడం లేదా అన్నాడు మేమే.

తుందుప్ ఇదంతా శ్రద్ధగా విన్నాడు. వారానికోసారి అన్న మాట ఒక్కటే అతని చెవికెక్కలేదు.

పొద్దున్నే బుట్ట చూసేవాడు. భోజనం కాగానే చూసేవాడు. సాయంత్రం ప్రార్థనకు గంట కొట్టాక కూడా ఒకసారి చూసి పరిగెత్తుకొచ్చేవాడు. బుట్ట ఖాళీగా ఉంటే, ఇది పనిచేయడం లేదేమోనని బెంగ. ఒక్క రెక్కల పురుగు అతుక్కుంటే, అతుక్కోనివి ఇంకెన్ని తిరుగుతున్నాయోనని బెంగ. గోనెపట్టాలు చుట్టాడు. చుట్టినవాటిని లోపల ఏమైనా చేరాయేమోనని మళ్ళీమళ్ళీ విప్పాడు. చేరినవి ఆ కదలికకు బయటపడి చెట్టెక్కేశాయి. వేసవంతా తోటలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

పిందెలు కాయలయ్యాక అతని బాధ ఇంకా పెరిగింది. బయటికి బాగానే కనిపించే కాయలో పురుగు ఉండొచ్చని ఆవిడ చెప్పిన ముక్క మనసులో ముల్లులా దిగబడింది. ఒకరోజు అనుమానం పట్టలేక ఒక కాయ తెంపి, నడుముకున్న చాకుతో రెండు చెక్కలు చేశాడు. లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది. ప్రాణం లేచొచ్చింది. ఆ సుఖం ఎంతోసేపు నిలవలేదు. ఇది బాగుంది సరే, దీని పక్కది?

అలా మొదలైంది. పక్కదీ బాగుంటే దాని పక్కది. ఎప్పుడో ఒకదాంట్లో పురుగు కనిపించేది. అప్పుడు చూశావా, నా అనుమానం నిజమే అనుకుని ఇంకో కొమ్మ పట్టుకునేవాడు. కోసినవి పచ్చికాయలు, నోట పెట్టలేని పులుపు. ఎండబెట్టుకోవడానికీ పనికిరావు. పారేస్తే ఎవరైనా చూస్తారని గోడ అవతల మేసే గాడిదకు పెట్టేవాడు.

ఆ గాడిద దోల్కర్‌ది. అబీ దోల్కర్ అంటే ఊళ్ళో పెద్దావిడ, భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. అబీ అంటే నానమ్మ. తోట ఒకప్పుడు ఆవిడ భర్త అంగ్‌చుక్‌ది. ఆయనే దాన్ని మఠానికి దానమిచ్చాడు. దానమిచ్చినవాళ్ళు ఒక చెట్టు తమ కోసం ఉంచుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. అంగ్‌చుక్ తన చేత్తో నాటిన చెట్టునే ఉంచుకున్నాడు. అది అన్నిటికంటే ఆలస్యంగా పండుతుంది. దాని పండ్లు గడ్డిలో దాస్తే చలికాలమంతా నిలుస్తాయి. చలికాలంలో వచ్చే కొత్త సంవత్సరం పండుగ లోసార్ నాడు చనిపోయినవాళ్ళకు తిండి పెడతారు కదా, దోల్కర్ ప్రతి ఏడూ ఆ చెట్టు పండు ఒకటి భర్త వాటాగా పెట్టేది. పోయినవాళ్ళకు పెట్టేది నిండుగా ఉండాలి. కోసింది, కొరికింది పెట్టకూడదు.

తుందుప్‌కు దోల్కర్ అంటే ప్రాణం. మఠంలో చేరిన కొత్తలో ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తుంటే ఆవిడే వచ్చి జేబులో ఎండు ఆప్రికాట్లు పోసి వెళ్ళేది. అందుకని ఏ చెట్టుకు ఏమైనా అబీ చెట్టుకు మాత్రం ఏమీ కాకూడదని పట్టుబట్టాడు. ఎంత ప్రేమ ఉంటే అంత అనుమానం. అన్ని చెట్లకంటే ఆ చెట్టునే ఎక్కువ చూశాడు.

ఈలోగా గాడిద బాగా బలిసింది. తుందుప్ ఎక్కడికి వెళితే అక్కడికి వెంటపడటం నేర్చుకుంది. ఒకరోజు ప్రార్థన మందిరం గుమ్మందాకా వచ్చి నిలబడింది. మేమే బయటికి వచ్చి దాని పొట్ట నిమిరి, “దోల్కర్ దీనికేం పెడుతోందో,” అన్నాడు. ఎవరూ తుందుప్ పేరెత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతనే చాకుమీద చెయ్యి వేసుకున్నాడు. ముసలాయన అది చూశాడో లేదో తెలియదు. చూసి ఊరుకున్నాడంటే మాత్రం నాకు ఆయన మీద కొంచెం కోపమే. ఒక్క మాట అని ఉంటే నాలుగు కొమ్మలైనా దక్కేవి.

కాయలు దించే రోజు వచ్చింది. మిగతా చెట్ల కాపు పలచగానే ఉంది. ఫరవాలేదు, పురుగుపట్టిన ఏడాది ఇంతేలే అనుకున్నారు. దోల్కర్ వీపున బుట్ట తగిలించుకుని తన చెట్టు కిందికి వచ్చింది. తలెత్తి చూసింది. చెట్టు చుట్టూ తిరిగి మళ్ళీ చూసింది. చెయ్యి అందినంతమేరా ఒక్క కాయ లేదు. పైకొమ్మల్లో ఉన్నవేమో పిట్టలు పొడిచి నల్లబడినవి.

“ఇంత తినేసిందా పురుగు?” అంది.

తుందుప్ ముందుకొచ్చాడు. పురుగు కాదనీ, తానేననీ చెప్పాడు. ఒక్కొక్కటే కోసి చూశాననీ, చాలావరకు బాగానే ఉన్నాయనీ కూడా చెప్పాడు.

“ఎందుకు కోశావు?”

“పురుగు ఉందేమోనని, అబీ.”

ఆవిడ బుట్ట దించి నేలమీద పెట్టింది. అరవలేదు, ఏడవలేదు. చెట్టు మొదలు పట్టుకుని కాసేపు నిలబడింది.

“పురుగైతే సగమైనా మిగిల్చేది, నాయనా,” అంది.

తుందుప్‌కు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నడుమునున్న చాకు తీసి మేమే పాదాల దగ్గర పెట్టాడు. దాన్ని ఇక తన చేతికివ్వవద్దనీ, గది సంగతి కూడా ఇక ఎత్తననీ అన్నాడు.

మేమే అతని వంక చూడలేదు. కాయలు దించే పొడుగు కర్ర తెమ్మన్నాడు. దాని కొసన గుడ్డసంచి కట్టి ఉంటుంది. ముసలాయన తల వెనక్కి వాల్చి, కళ్ళు చికిలించి, చిటారుకొమ్మలో ఆకుల చాటున ఎక్కడో కర్ర ఆడించాడు. సంచిలో ఒక పండు పడింది. ఎర్రటి పండు, ముద్దుగా ఉంది. దోల్కర్ దాన్ని అందుకుని తిప్పి చూసింది. అడుగున గుంట దగ్గర సూదిమొనంత మచ్చ ఉంది. పురుగు దూరిన చోటు కావచ్చు, కొమ్మ గీరుకున్నదీ కావచ్చు.

“ఇది బాగుందంటారా, మేమే? ఆయనకు పెట్టడానికి ఇదొక్కటే ఉంది.”

మేమే ఆ పండు తీసుకుని తుందుప్ చేతిలో పెట్టాడు. వంగి, కిందనున్న చాకు కూడా తీసి రెండో చేతిలో పెట్టాడు.

“లోసార్‌దాకా నీ దగ్గరుంచు. రెండూ పక్కపక్కన పెట్టుకో,” అన్నాడు.

దోల్కర్ ఖాళీ బుట్ట మళ్ళీ వీపుకు తగిలించుకుంది.

తుందుప్ గదిలో గోడకు ఒక గూడు ఉంది. పండును గడ్డి మీద పెట్టి, పక్కన చాకు పెట్టాడు. ఆ రోజు నుంచి అతని అవస్థ చెప్పనలవి కాదు. మంత్రం జపిస్తుంటే కళ్ళు గూటివైపే పోయేవి. లేచి వెళ్ళి పండును వాసన చూసేవాడు. వెలుతురుకు ఎత్తిపట్టి చూసేవాడు. చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఒకసారి లోపల పురుగు నములుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. చలికి కొట్టుకుంటున్న తన పళ్ళ చప్పుడని తెలిసేసరికి చాలాసేపయింది.

ఒక ఉదయం పండు కింద, గడ్డి మీద గోధుమరంగు పొడి కొంచెం కనిపించింది. పురుగు పెంటా? పైకప్పులోంచి రాలిన మట్టా? వేలితో నలిపాడు. తెలియలేదు. లోపల పురుగు ఉంటే ఈ పాటికి గింజలదాకా తినేసి ఉంటుంది. అలాంటి పండును చనిపోయిన మనిషికి పెడుతుందా అబీ? ముందే తెలుసుకుని చెప్పడం మంచిది కాదూ?

చాకు తీశాడు. పండును ఎడమచేతిలో పట్టుకుని, మచ్చకు పక్కగా అంచు ఆనించాడు. కొంచెం నొక్కితే చాలు. ఆ కొంచెం దగ్గర అతని చెయ్యి ఆగింది. కోస్తే ఉందో లేదో తెలుస్తుంది. లేదని తెలిసినా ఇక పెట్టడానికి పండు ఉండదు. వేసవిలో గాడిద నమిలిన కాయలన్నీ గుర్తొచ్చాయి. అవీ చాలావరకు బాగున్నవే.

రెండూ గూట్లో పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మేమే గదికి వెళ్ళాడు.

“నావల్ల కావడం లేదు, మేమే.”

మేమే కిటికీ దగ్గర ఎండలో కూర్చుని ఉన్నాడు. చాప మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. తుందుప్ కూర్చున్నాడు. ముసలాయన వెన్న కలిపిన టీ పోసి గిన్నె అతని ముందు పెట్టాడు. బయట నది అంచులకు మంచు కడుతోంది. అలా చాలాసేపు కూర్చున్నారు. ఎండ ఇద్దరి మోకాళ్ళ మీదినుంచి గోడ మీదికి జరిగింది. తుందుప్ వచ్చిన పని ఏమిటో ఆయన అడగలేదు, అతనూ మళ్ళీ చెప్పలేదు.

ఆ తర్వాత కూడా అతను గూటివైపు చూస్తూనే ఉన్నాడు. ఒక్కరోజులో మారిపోయాడంటే నేనే నమ్మను. అయితే చూసి ఊరుకునేవాడు. లేచి వెళ్ళేవాడు కాదు. పండు మీద అనుమానం అలాగే ఉంది. దానికి తోడుగా కూర్చోవడం మెల్లగా అలవాటైంది. ఒకరోజు వంటవాడు టర్నిప్ దుంపలు తరగడానికి మనిషి కావాలంటే తుందుప్ గదికి వెళ్ళి చాకు తెచ్చుకున్నాడు. దుంపలన్నీ తరిగి, చాకు తుడిచి, మళ్ళీ గూట్లో పెట్టాడు. రెండుసార్లూ పండును చూడలేదన్న సంగతి సాయంత్రం ప్రార్థనలో గుర్తొచ్చింది. కొంచెం ఆశ్చర్యపడి, మళ్ళీ ప్రార్థనలో పడ్డాడు.

ఇంకో సంగతి కూడా జరిగింది. మేమేను చూసినప్పుడల్లా అడిగే ఆ ప్రశ్న అతని నోట్లోంచి రావడం మానేసింది. మానేశానని అతనికే తెలియదు.

లోసార్ వచ్చింది. ఊరంతా మంచు. పొద్దున్నే జనం రొట్టెలూ వండిన మాంసమూ పట్టుకుని, పెద్దల్ని దహనం చేసిన చోటికి బయల్దేరారు. దోల్కర్ కూడా గంపతో వచ్చింది. తుందుప్ పండును శుభ్రమైన గుడ్డలో చుట్టి తెచ్చాడు. వెనకాల మేమే చేతికర్ర ఊతంతో నెమ్మదిగా వస్తున్నాడు.

దోల్కర్ గుడ్డ విప్పింది. పండు తొక్క కొంచెం ముడతపడింది, రంగు మాత్రం తగ్గలేదు. తిప్పి అడుగున చూసింది. మచ్చ అలాగే ఉంది.

“లోపల పురుగుందా, తుందుప్?”

“తెలీదు, అబీ.”

దోల్కర్ తలెత్తి అతని ముఖం చూసింది. వేసవిలో రోజుకు పదిసార్లు తన చెట్టు చుట్టూ తిరిగిన కుర్రాడి ముఖం ఆవిడకు బాగా గుర్తు. పండును తన చెంగుతో మెల్లగా తుడిచింది.

“ఉంటే ఆయన చూసుకుంటాడులే. చెట్టు నాటింది ఆయనే కదా,” అంది.

రొట్టెల పక్కన, రాతి మీద పండు పెట్టి దండం పెట్టుకుంది. ఆవిడ కళ్ళు తడిశాయి. తుందుప్ కూడా చేతులు జోడించాడు. అంగ్‌చుక్‌ను అతను ఎన్నడూ చూడలేదు. అయినా ఆ నిమిషంలో ఆయనకు మనసులో క్షమాపణ చెప్పుకున్నాడు.

తిరిగి వస్తుంటే వెనక కాకులు దిగిన చప్పుడైంది. అవి ముందుగా పండు మీదే వాలి ఉంటాయి. పొడిస్తే లోపల ఏముందో ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. తుందుప్ ఆగలేదు. మంచులో మేమే కాలు జారకుండా చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు.

మఠం మెట్ల దగ్గర మేమే ఊపిరి తీసుకోవడానికి నిలబడ్డాడు. ఎగువన చరియలో ఉన్న రాతి గదివైపు కర్ర చూపించాడు.

“నిన్న అది తుడిపించి ఉంచాను. పండుగ అయ్యాక వెళ్ళు.”

 తుందుప్‌కు ఎన్నాళ్ళుగానో అడుగుతూ వచ్చిన ప్రశ్న అప్పుడు గుర్తుకు కూడా రాలేదు. తల వంచాడు.

మేమే అతని తలమీద చెయ్యి వేసి ఇలా అన్నాడు:

“తలుపు నేనే వేస్తాను. మధ్యలో తీసి చూడను.”